మచ్చల సారు బండి ఆగిన ఇల్లు

నా ఉద్యోగానికి ఆఫీసులో పారామెడికల్ ఆఫీసర్ అని పేరు. ఊళ్లల్లో మాత్రం నన్ను ఎవరూ అలా పిలవలేదు. గోపాల్‌పేట నుంచి అమ్రాబాద్ దాకా నేను ‘మచ్చల సారు’నే. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉన్నవాళ్లను వెతికి, అది కుష్ఠు అవునో కాదో తేల్చి, అవునంటే మందులిచ్చి, అవి పూర్తయ్యేదాకా వెంటపడటం నా పని. నా సర్వీసంతా పాత పాలమూరు జిల్లాలోనే గడిచింది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అప్పటికి వేరే జిల్లాలు కాలేదు.

ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ప్రమోషన్ ఎందుకు ఆలస్యమైందో ఇక్కడ రాయబోవడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు శిక్షణలో మందుల గురించి చెబుతారు. నరాలు తడిమి చూడటం నేర్పుతారు. జబ్బు నయమైన మనిషిని మర్నాడు కూలికి ఎవరైనా పిలుస్తారా అన్నది ఎవరూ చెప్పరు. రెండు వేల సంవత్సరం తర్వాత నా పనిలో నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న అది. దాని గురించి రాస్తాను. ఎక్కువ భాగం నర్సమ్మ అనే ఒక మనిషి గురించే అవుతుంది. మిగతావాళ్ల పేర్లు మార్చాను. ఆమె పేరు మార్చలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

బండి సంగతి

నాకు ఒక పాత మోపెడ్ ఉండేది. అది దగ్గుతూ ఊళ్లోకి వస్తుంటే మచ్చల సారు వచ్చాడని అందరికీ తెలిసిపోయేది. అది ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఎవరికో పెద్దరోగం ఉన్నట్టు లెక్క. కుష్ఠును మా వైపు అలాగే అంటారు. ఆ మాట కూడా గొంతు తగ్గించి అంటారు.

నాకు ఇది అర్థమవడానికి కొంతకాలం పట్టింది. అర్థమయ్యాక బండిని స్కూలు దగ్గర ఆపి నడిచి వెళ్లేవాణ్ని. అవసరం లేని నాలుగిళ్లకు వెళ్లి మంచినీళ్లు అడిగి, అవసరమున్న ఇంటికి మధ్యలో వెళ్లేవాణ్ని. కొందరికి సంతలో కూరగాయల సంచిలో వేసి గోళీలు ఇచ్చాను. కొందరిని చెరువు కట్ట అవతల కలిశాను. నన్ను చూడగానే తల తిప్పుకునేవాళ్లంటే నాకు కోపం ఉండేది కాదు. వాళ్లు తల తిప్పుకుంటేనే మేలని నేనే వాళ్లకు చెప్పేవాణ్ని.

దాని వల్ల నాకు ఏమైందంటే, పనిచేసిన ఏ ఊళ్లోనూ కూర్చుని మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంటాయన అద్దెకు ఇస్తానని మాటిచ్చి, నేను చేసే పనేమిటో తెలిశాక, తమ్ముడి కుటుంబం వస్తోందని చెప్పి తప్పించుకున్నాడు. ఆ తమ్ముడు ఎప్పుడూ రాలేదు. పెళ్లి భోజనాల్లో నా పక్కన కుర్చీ చివరగా నిండేది. ఇంటికి వచ్చాక పెరట్లోనే బట్టలు విప్పి స్నానం చేసి లోపలికి రమ్మని మా ఆవిడ నాతో ఒక్కసారి కూడా అనలేదు. కానీ పెరట్లో నీళ్లు, తుండు, ఉతికిన లుంగీ రోజూ సిద్ధంగా ఉండేవి. నేనూ ఎందుకని అడగలేదు. రిటైరయ్యేదాకా అలాగే జరిగింది.

పెద్ద డాక్టరుగారు

నా పై అధికారుల్లో ఇద్దరి గురించి చెప్పాలి.

మొదటాయన వయసులో పెద్దవాడు, గట్టిగా మాట్లాడని మనిషి. పుండు పడ్డ పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. కొత్తల్లో నన్ను వనపర్తి బస్టాండుకు తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టి, “ముఖాలు చూడకు. నడిచేవాళ్ల చెప్పులు చూడు” అన్నాడు. చాలాసేపు చూశాక ఒక ముసలాయన కనిపించాడు. కాలి చెప్పు జారి వెనక ఉండిపోయింది. ఆయన అది తెలియక నడిచి వెళుతున్నాడు. పాదానికి స్పర్శ పోయింది. డాక్టరుగారు లేచి ఆ చెప్పు తీసుకుని వెనకే వెళ్లి, “పెద్దాయనా, చెప్పు ఇడిసిపెట్టినవ్” అని అందించాడు. అక్కడే నిలబడి మాటల్లో పెట్టి, పంటల గురించి, మనవళ్ల గురించి అడిగి, చివరికి పాదం చూపించమన్నాడు. జబ్బు గురించి మాట్లాడే ముందు ఎన్ని మాటలు మాట్లాడాలో నేను ఆరోజు నేర్చుకున్నాను.

రెండో ఆయన చాలా ఏళ్ల తర్వాత వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. పైనుంచి వచ్చిన మాట కింద చెప్పేవాడు. అప్పటికి ఈ జబ్బు దాదాపు పోయిందని ప్రకటించారు. మా ప్రత్యేక యూనిట్లను ఎత్తేసి మామూలు దవాఖానల్లో కలిపారు. నేను కొత్త కేసులు రాసుకుపోతే ఆయన విసుక్కునేవాడు. “జబ్బు పోయిందని అక్కడ మీటింగులో చెప్పి వచ్చిన. నువ్వేమో ఇంక ఎతుకుతనే ఉన్నవ్” అన్నాడు. నేను వెతకడం ఆపితే జబ్బు ఆగుతుందా సార్ అని అడగాలనిపించింది. అడగలేదు. వెతకడం మాత్రం ఆపలేదు.

నర్సమ్మ

నర్సమ్మది గోపాల్‌పేట పక్కన చిన్న ఊరు. ముప్పై ఐదేళ్లుంటాయి. భర్త పుణె వైపు మట్టిపనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. కొంత మెట్ట భూమి ఉన్నా వానలు లేక దానిమీద బతకలేరు. నర్సమ్మ ఆడకూలీల గుంపుకు పెద్ద. నాట్లకు, కలుపుకు తీసుకెళ్లేది. వానాకాలం చివర్లో గుంపునంతా గద్వాల వైపు విత్తన పత్తి చేలకు తీసుకెళ్లేది. అది చేతివేళ్లతో చేసే సన్నపని. సాయంత్రం మొగ్గ పైపొర గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి దానికి అద్దాలి. ఆ పనున్న రోజులన్నీ ఆడవాళ్లు చేను పక్కన షెడ్డుల్లోనే కలిసి వండుకుని, కలిసి పడుకుంటారు.

ఆమె తనంతట తానే నా దగ్గరకు వచ్చింది. రొట్టెలు చేస్తుంటే చిటికెన వేలు కాలి బొబ్బ లేచిందట. కాలినట్టు తనకు తెలియలేదట. గోపాల్‌పేట సంతలో నన్ను దూరం నుంచి గుర్తుపట్టి, జనం పలచబడేదాకా ఆగి వచ్చింది.

“సారూ, ఏలు కాలింది. నొప్పి లేదు. గిదేంది?” అని చెయ్యి చాపింది.

మోచేతి దగ్గర నరం తాడులా తగిలింది. అడిగితే, వీపు మీద మచ్చలు కూడా ఉన్నాయంది. ఏమిటో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కాలిన చెయ్యి కొంగులోకి తీసుకుని, “నయమైతదా?” అని అడిగింది.

“అవుతుందమ్మా. ఏడాది మందులు వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే నీ నుంచి ఇంకొకరికి అంటదు.”

“అయితే మీరు మా ఇంటికి రావొద్దు. మీ బండి మా ఇంటి ముందట ఆగొద్దు. నేనే వస్త.”

అలాగే వచ్చింది. నెలనెలా సంతలో గోళీలు తీసుకుంది. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ గోళీల్లో ఒకటి చర్మాన్ని నల్లబరుస్తుంది. గుంపులో ఆడవాళ్లు అడిగితే ఎండకు అని చెప్పిందట.

దవాఖాన లైను

మా యూనిట్ ఎత్తేశాక నేను సంతలో గోళీలు ఇవ్వడం కుదరలేదు. రోగులే దవాఖానకు రావాలన్నారు. పైవాళ్ల ఉద్దేశం మంచిదే. మిగతా జబ్బుల్లాగే ఇదీ ఒక జబ్బు అయితే వేరే గది, వేరే సారు ఎందుకని. కాగితం మీద ఆ మాటకు నేనూ ఒప్పుకుంటాను.

ఒక సోమవారం నర్సమ్మ తన గుంపు ఆడవాళ్లతోనే వచ్చింది. వాళ్లలో ఒకరి బిడ్డకు జ్వరం. అందరూ లైనులో ఉన్నారు. నర్సమ్మ వీలు చూసుకుని గోళీలు తీసుకుపోదామనుకుంది. నేను లోపలి గదిలో ఉన్నాను. అటెండరు కిటికీ దగ్గర మందులు సర్దుతూ, కోపంగా కూడా కాదు, మామూలుగా కేకేశాడు.

“పెద్దరోగం గోళీలు ఎవలయి? నర్సమ్మ ఎవలు? ముందుకు రా.”

నేను బయటికి వచ్చేసరికి లైను చెదిరిపోయింది. నర్సమ్మ ఉన్నచోటే ఉంది. ఆమెకు ముందూ వెనకా ఖాళీ. బిడ్డను ఎత్తుకున్న ఆమె బిడ్డ ముఖం కొంగుతో కప్పింది. నర్సమ్మ ఎవరివైపూ చూడలేదు. గోళీలు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

తర్వాత రూలు పక్కనపెట్టి సంతలో నేనే ఆమెను వెతికి గోళీలు ఇచ్చాను. తీసుకుంది.

“ట్రాక్టరు పోయింది సారు. గద్వాలకు. నన్ను లేపలే” అంది.

ఆ ట్రాక్టరులో వెళ్లింది ఆమె తయారుచేసిన గుంపే.

బాలమ్మ చెప్పిన మాట

ఆ గుంపులో నర్సమ్మ తర్వాత బాలమ్మ. నర్సమ్మను అక్కా అని పిలిచేది. గుంపు ఇప్పుడు ఆమె చేతిలోకి వచ్చింది. దసరాకు వాళ్లు ఊరికి వచ్చినప్పుడు నేను వెళ్లి కలిశాను. ఈ జబ్బు అంత తేలిగ్గా అంటదని, మందులు మొదలుపెట్టాక అసలే అంటదని చెప్పాను. బాలమ్మ అంతా విన్నది. నేను ఊహించినట్టు మూఢంగా ఏమీ మాట్లాడలేదు.

“మీరు చెప్పేది నిజమే గావొచ్చు సారూ. మా అక్క చేతి బువ్వ నేను ఎన్నేండ్లు తిన్న. నాకేం కాలే. గని పటేలుకు తెలిస్తె ఏమంటడు? గుంపునంత రావొద్దంటడు. పత్తి పని పోతే ఏడాదంత ఏం తినాలె? మీరొచ్చి పెడ్తరా?”

అప్పటిదాకా నేను ఈ జబ్బు గురించిన భయాన్ని తెలియనితనం అనుకునేవాణ్ని. చెబితే పోతుందనుకునేవాణ్ని. బాలమ్మకు జబ్బంటే భయం తక్కువ. పని పోతుందని భయం ఎక్కువ. నా దగ్గరున్న బొమ్మల చార్టులు ఆ భయానికి పనికిరావు.

కృష్ణారెడ్డి చేను

అయితే ఆ పటేలునే, అంటే పత్తి చేల ఆసామినే, అడుగుదామని నర్సమ్మ ఒప్పుకున్నాక సెలవు రోజు బస్సెక్కి కృష్ణా నది దాటి గద్వాల వైపు వెళ్లాను. కృష్ణారెడ్డి డిగ్రీ చదివినవాడు. నాకు కుర్చీ వేసి టీ తెప్పించాడు. నేను చెప్పినదంతా తలాడిస్తూ విన్నాడు.

“నాకు గసుంటి పట్టింపులు లేవు సారు. చదువుకున్నోన్ని. రమ్మనుండ్రి” అన్నాడు.

నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి మిగతాది చెప్పాడు.

“కాకపోతే ఆఖరు చేన్ల ఒక్కతే చెయ్యాలె. షెడ్డుల కాదు, బోరుకాడ చిన్న గుడిసె ఉంది, అండ్ల ఉండాలె. కూలి సగమిస్త. మీరే చెప్పుండ్రి, ఇంకెవరిస్తరు ఆమెకు?”

భయపడి వద్దనేవాళ్లను నేను చాలామందిని చూశాను. భయం లేనివాడు కూడా ఇంకొకరి భయాన్ని వాడుకుని కూలి తగ్గిస్తాడని ఆ రోజు చూశాను. జీవితంలో చాలా తక్కువసార్లు నాకు అంత కోపం వచ్చింది. వద్దని చెప్పి లేచి వచ్చాను. నర్సమ్మకు జరిగింది చెబితే ఆమె నన్నే తప్పుపట్టింది.

“వద్దనుడు మీరెవరు సారూ? నన్ను అడగాలె గద. నేను పోత.”

వెళ్లింది. కొన్ని రోజులకు మందులతో నేను వెళ్లి చూశాను. షెడ్డు దగ్గర ఆడవాళ్ల మాటలు, పొయ్యిల పొగ. ఈమె గుడిసె ఎక్కడో దూరంగా, బోరు మోటారు పక్కన. నేను వెళ్లేసరికి ఒక్కతే పత్తిచెట్ల మధ్య వంగి పెదాలు కదుపుతోంది.

“ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?”

“ఎవరున్నరు సారూ. నోరు మూతపడ్తదని నాతోని నేనే మాట్లాడుతున్న.”

చెయ్యి

ఆ రోజు ఆమె కుడిచెయ్యి కొంగులో దాచుకునే మాట్లాడింది. చూపించమంటే పని ఉందంది. గట్టిగా అడిగితే చూపించింది. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి ముడుచుకుపోతున్నాయి. మోచేతి దగ్గర ముట్టుకుంటే అదిరిపడింది. మందులు బాగా పనిచేస్తున్నప్పుడు కూడా కొందరిలో ఇలా నరం వాస్తుంది. దాన్ని రియాక్షన్ అంటాం. వెంటనే చూస్తే, వాపు తగ్గే మందులిచ్చి చెయ్యి కదలకుండా కడితే నరం బతుకుతుంది. ఆలస్యమైతే వేళ్లు అలాగే ఉండిపోతాయి.

“ఎన్నాళ్లైంది? ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే పని బందు పెట్టమంటరని చెప్పలే.”

అక్కడే చేను గట్టు మీద ఆమెతో చాలాసేపు వాదించాను. చివరికి నాతో వచ్చింది. జిల్లా కేంద్రంలో ఒక దవాఖానలో చేర్చాను. పడక వరండా చివర వేశారు. నేను అక్కడివాళ్లతో దెబ్బలాడి లోపలికి మార్పించాను. మర్నాడు పోయేసరికి మళ్లీ వరండాలోనే ఉంది. తనే వచ్చేశానని, పక్క పడకలవాళ్లు తనకు భయపడి రాత్రంతా కూర్చునే ఉన్నారని చెప్పింది.

నొప్పి తగ్గింది. రెండు వేళ్లు పూర్తిగా తిన్నగా కాలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు బాగున్నాయి. ఇంటికి వచ్చేసరికి కృష్ణారెడ్డి ఆఖరు చేనుకు వేరే మనిషిని పెట్టుకున్నాడు. భర్త పుణె నుంచి వచ్చి, తనతో రమ్మన్నాడు. అక్కడి మేస్త్రీ వద్దన్నాడని కబురు వచ్చాక ఒక్కడే వెళ్లిపోయాడు. ఆ ఏడాది మందులు పూర్తయ్యాయి. జబ్బు నయమైందని నేను రాసిచ్చాను. ఆ కాగితం ఎవరికి చూపించాలి సారూ అని ఆమె అడిగింది.

పేరు

తర్వాతి వానాకాలం ముందు, స్పర్శ తగ్గినవాళ్లకిచ్చే మెత్తని చెప్పుల కోసం వనపర్తి దవాఖానకు పిలిపించినప్పుడు ఆమె నాతో ఒక మాట మాట్లాడాలంది. కాంపౌండులో వేపచెట్టు నీడన కూర్చున్నాం.

“సారూ, నాలెక్క ఇండ్లల్ల కూసున్నోళ్లు మస్తుమంది ఉంటరు గద. గుంపులల్ల రానియ్యనోళ్లు.”

“ఉన్నారు.”

“మీకు ఎరికే గద.”

నాకు తెలుసు. టీబీ నయమైనా ఎవరూ పిలవని ఒకామె. బొంబాయిలో జబ్బు తగిలి భర్త పోతే, తనకు ఏమీ లేకపోయినా బావి దగ్గర కూడా నిలబడనివ్వని ఒకామె. మూర్ఛలు వస్తాయని చేనులోకి రానివ్వని పిల్ల. నర్సమ్మ లాంటివాళ్లు మరికొందరు. నా ఉద్యోగమంతా వాళ్ల పేర్లు బయటకు రాకుండా కాపాడటమే.

“వాళ్ల పేర్లు చెప్పలేనమ్మా. నువ్వు ఒప్పుకోకుండా నీ పేరు చెప్పనట్టే వాళ్లవీ చెప్పకూడదు” అన్నాను.

“నేను వాళ్ల పేర్లు అడుగుతలేను సారూ. నా పేరు వాళ్లకు చెప్పుండ్రి. నర్సమ్మ అని ఉంది, ఫలానా ఊరు, పెద్దరోగం వచ్చి నయమైంది, గుంపు కడ్తుంది అని చెప్పుండ్రి. వచ్చేటోళ్లు వస్తరు.”

నేను వెంటనే సరేననలేదు. ఇన్నేళ్లు నేను ఎంత కష్టపడి దాచానో ఆమెకు తెలుసు. నా ముఖం చూసి, “దాస్తే ఏమొచ్చింది సారూ? లైనుల నిలబెట్టి చెప్పనే చెప్పిరి. ఇగ నా పేరు నేనే చెప్పుకుంట” అంది.

అలా మొదటిసారి నేను ఒక రోగి పేరు చెప్పడానికి ఇళ్లకు వెళ్లాను. మొదటి ఇంట్లో అత్తగారు తలుపు వేసేసింది. రెండో ఇంట్లో నేను ఎవరికోసం వెళ్లానో ఆమె తల వంచుకుని విన్నది. నేను లేచి వచ్చేశాను. ఊరి చివర బండి స్టార్ట్ చేస్తుంటే వెనక నుంచి గబగబా వచ్చి అడిగింది. “సారూ, ఆమెది ఏ ఊరన్నరు?”

కొందరు రాలేదు. కొందరు వచ్చి చూసి వెళ్లిపోయారు. వానలు తగ్గేనాటికి ఒక చిన్న గుంపు నిలబడింది.

కృష్ణారెడ్డి దగ్గరకు మాట్లాడటానికి వెళుతూ నర్సమ్మ నన్ను తోడు రమ్మంది. “గని మీరు నోరు తెరవకుండ్రి” అని ముందే చెప్పింది. ఆ ఏడు చుట్టుపక్కల అందరూ విత్తన పత్తే వేశారు. కూలీలు దొరకడం లేదు. అది ఆమె విచారించుకునే వచ్చింది.

“అందరు రోగాలోళ్లేనా?” అని అడిగాడు కృష్ణారెడ్డి.

“రోగం నయమైనోళ్లం పటేలా. రోజుకూలి వద్దు మాకు. చేను పని గుత్తకియ్యి. అందరికిచ్చే రేటే మాకియ్యి. ఎవరి చెయ్యి ఎట్లుందో నీకెందుకు? కాయ పట్టకుంటే అప్పుడు అడుగు.”

ఆయన నావైపు చూశాడు. నర్సమ్మ చెప్పినట్టే నేను నోరు తెరవలేదు. రోడ్డు పక్కన రాళ్లు తేలిన చేను ఇచ్చాడు.

వాళ్లు పని మొదలుపెట్టాక ఒకరోజు బాలమ్మ వచ్చి గట్టు అవతలే నిలబడిందట. దగ్గరకు రాలేదట. “అక్కా, సగం రేటుకు ఒప్పుకున్నవా ఏంది? నువ్వు ఒప్పుకుంటే మల్ల మాకు గూడ కోస్తడు” అని అడిగిందట. పూర్తి రేటే అని నర్సమ్మ చెబితే, “మంచిది” అని వెళ్లిపోయిందట. రెండు గుంపుల మధ్య ఆ మాత్రం రాజీ కుదిరింది. అంతకన్నా ఎక్కువ కుదిరినట్టు నేను చూడలేదు. ఆ చేను మిగతా చేలలాగే కాసింది. మరుసటి ఏడు కూడా కృష్ణారెడ్డి వాళ్లనే పిలిచాడు. మెచ్చుకున్నాడని కాదు, ఆయనకు కూలీలు కావాలి.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. రోగి గుట్టు రోగిది. దాన్ని మీరు బయటపెట్టకూడదు, అది సరే. కానీ అది మీ సొత్తు అన్నట్టు పట్టుకుని కూర్చోకండి. ఏం చేద్దామని వాళ్లనే అడగండి. మందు పూర్తయిన రోజు మీ పని పూర్తయిందనుకోకండి. ఆ మనిషి ఏ పని చేస్తుంది, ఎవరితో కలిసి చేస్తుంది, రేపు ఆ పని ఉంటుందా అని అడగండి. నరం వాచిన మనిషి ఎందుకు దాస్తుందో దానివల్లే తెలుస్తుంది. జనాన్ని తెలివితక్కువవాళ్లని తిట్టకండి. వాళ్ల భయం వెనక ఎవరి చేను ఉందో చూడండి. మందుల కిటికీ దగ్గర ఉండేవాడికి గొంతు తగ్గించడం నేర్పండి. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా అవసరమైన శిక్షణ బహుశా అదే.

ఇంకొకటి. ఈ పనిలో మీకు కృతజ్ఞత దొరుకుతుందనుకోకండి. దొరికినా నలుగురిలో దొరకదు.

ఆఖరుసారి

రెండో ఏడు పత్తి పని జోరుగా ఉన్నప్పుడు నేను ఇంకోసారి అక్కడికి వెళ్లాను. పని ఏమీ లేదు. ఎలా ఉన్నారో చూద్దామనిపించింది. బస్సు దిగి గట్టు మీదుగా నడుస్తుంటే మధ్యాహ్నం బువ్వ వేళ. ఆడవాళ్లు చింతచెట్టు కింద సద్దులు విప్పుతున్నారు. గుంపు పెద్దదైంది. నాకు తెలియని ముఖాలు కూడా ఉన్నాయి. ఒకామె నన్ను చూడగానే కొంగు ముఖం మీదికి లాక్కుని లేచి చేనులోకి వెళ్లిపోయింది. ఒకప్పుడు మందులు వాడమని నేను వెంటపడ్డవాళ్లలో ఆమె ఒకరని గుర్తుపట్టాను.

నర్సమ్మ గబగబా ఎదురు వచ్చింది. కొంచెం ఒళ్లు చేసింది.

“బాగున్నరా సారూ?”

“బాగున్నానమ్మా. అందరూ బాగున్నారా?”

“బాగనే ఉన్నం. పక్క చేనోళ్లు గూడ మాట్లాడుతుండ్రు ఇప్పుడు.” వెనక్కి తిరిగి చూసుకుంది. మళ్లీ నావైపు చూడలేక నేల చూసింది. “సారూ, ఏమనుకోకుండ్రి. కొత్తగొచ్చినోళ్లు ఉన్నరు. మిమ్ముల జూస్తే వాళ్లకు దవాఖాన యాదికొస్తది. పక్కోళ్లు గూడ మిమ్ముల గుర్తువడ్తరు. ఇగ మీరు రాకుంటేనే మంచిది.”

“నిజమే” అన్నాను. నిజమే కూడా.

“ఇంత దూరం వచ్చిండ్రు, జర బువ్వ...” అని మొదలుపెట్టి, మళ్లీ ఆడవాళ్లవైపు చూసి ఆగిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తినే వచ్చానమ్మా. బస్సు టైమైంది” అన్నాను.

ఆమె వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. చేనులోకి పోయినామె కూడా తిరిగి వచ్చింది. ఒకామె కూర గిన్నె మధ్యలో పెట్టింది, అందరి చేతులూ అందులోకే వెళ్లాయి. నేను రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. చాలాసేపు రాలేదు. గాలి ఇటు మళ్లినప్పుడు వాళ్ల మాటలు తెగి తెగి వినపడ్డాయి. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. వాళ్లలో నర్సమ్మ గొంతు గుర్తుపట్టాను. అన్నేళ్లలో ఆమె నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.